బ్లాక్‌జాక్‌లో ముక్కల లెక్క: వేగం, కచ్చితత్వం ఎలా వస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో, గుంటూరులో పేక ముక్క పట్టుకోవడం రానివాళ్లు తక్కువ. పెళ్లింట్లో కూడా ఒక మూల రమ్మీ నడుస్తూనే ఉంటుంది. బ్లాక్‌జాక్ మాత్రం మనవాళ్లలో చాలామందికి గోవా వెళ్లినప్పుడో, ఫోన్‌లోనో పరిచయమైన ఆట. క్యాసినో తరఫున ముక్కలు పంచే డీలర్‌తోనే పోటీ: మన ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ కన్నా ఎక్కువ రావాలి, దాటితే పందెం పోయినట్టే. బొమ్మలన్నీ పది, ఆసు ఒకటి లేదా పదకొండు. గవర్నర్‌పేటలో మేం కొందరం ఆదివారాలు పందెం లేకుండా, కేవలం ముక్కల లెక్క సాధన కోసం కలుస్తుంటాం. కొత్తగా వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

లెక్కపెట్టడం అంటే పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవడమా? నాకు జ్ఞాపకశక్తి తక్కువ.

కాదండీ. రమ్మీలో అయితే ఎదుటివాళ్లు ఏ ముక్క ఎత్తారు, ఏది పారేశారు అని గుర్తుండాలి. ఇక్కడ మనసులో ఒకే ఒక్క అంకె ఉంటే చాలు. ఎక్కువమంది నేర్చుకునేది హై-లో పద్ధతి. అందులో 2, 3, 4, 5, 6 ముక్కల్లో ఏది కనిపించినా ఒకటి కలుపుతాం. 7, 8, 9 వస్తే లెక్క కదలదు. 10, జాకీ, రాణి, రాజు, ఆసుల్లో ఏది వచ్చినా ఒకటి తీసేస్తాం. ఇస్పేటా, కళావరా అన్నది చూడనక్కర్లేదు. ఒక కట్టలో కలిపే ముక్కలు 20, తీసేసేవి 20, సున్నావి 12. అందుకే కట్ట మొత్తం అయ్యేసరికి లెక్క సున్నాకు వస్తుంది. ఇలా నడుస్తూ ఉండే అంకెనే రన్నింగ్ కౌంట్ అంటారు.

చిన్న ముక్కలు ఎక్కువగా పడిపోయాయంటే మిగిలినవాటిలో పదులు, బొమ్మలు, ఆసులు ఎక్కువున్నట్టు. అప్పుడు మొదటి రెండు ముక్కలతోనే బ్లాక్‌జాక్ (ఆసు, పది విలువ ముక్క కలిసి 21) పడే అవకాశం పెరుగుతుంది. ఆ అవకాశం డీలర్‌కూ అంతే పెరుగుతుంది. కానీ మనకు పడితే పందేనికి ఒకటిన్నర రెట్లు ఇస్తారు, డీలర్‌కు పడితే మన పందెం మాత్రమే పోతుంది. పైగా డీలర్ చేతిలో 16 ఉన్నా ఇంకో ముక్క తీసుకుని తీరాలి, మనం 12 దగ్గరే ఆగిపోవచ్చు. పెద్ద ముక్కలు మిగిలిన సమయంలో ఈ తేడా మనవైపు పనిచేస్తుంది. దీన్ని లెక్కలతో నిరూపించి 1962లో పుస్తకంగా తెచ్చింది ఎడ్వర్డ్ థార్ప్ అనే అమెరికన్ గణిత ఆచార్యుడు. మనం వాడే హై-లోను ఆ మరుసటి ఏడాది హార్వీ డబ్నర్ ముందుకు తెచ్చారు.

బేసిక్ స్ట్రాటజీ రాకుండా నేరుగా లెక్క మొదలుపెట్టవచ్చా?

వద్దు. మన చేతిలో ఏముంది, డీలర్ చూపిస్తున్న ముక్క ఏది, దాన్నిబట్టి తీసుకోవాలా ఆగాలా అన్న పట్టికే బేసిక్ స్ట్రాటజీ. 1956లో అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు కుర్రాళ్లు డెస్క్ కాలిక్యులేటర్లతో కూర్చుని దీన్ని లెక్కగట్టి ప్రచురించారు. అది ఆలోచించకుండా చేతికి వచ్చేయాలి. 16 మీద డీలర్ 9 చూపిస్తే ఏం చేయాలా అని మీరు తడుముకుంటున్నంతసేపూ తలలోని అంకె జారిపోతూనే ఉంటుంది.

ముందు వేగమా, కచ్చితత్వమా?

కచ్చితత్వమే. నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే. మొదటి రోజే స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చునేవాళ్లు త్వరలోనే కట్టను 25 సెకన్లలో దులిపేస్తారు, కానీ మూడుసార్లలో ఒకసారి లెక్క తప్పుతుంది. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పించడం కన్నా కష్టం. తొందరలో తప్పు చదివిన ముక్కను కూడా కన్ను సరిగ్గానే చదివానని నమ్మేస్తుంది.

మొదటి వారం గడియారం ముట్టుకోకండి. ఒక్కో ముక్క తిప్పండి, దాని విలువ మాత్రమే అనుకోండి: కలుపు, తీసేయి, సున్నా. మొత్తం లెక్క కూడా అక్కర్లేదు. రాణి కనిపించగానే 'తీసేయి' అన్నది ఆలోచన లేకుండా రావాలి. 7 దగ్గర, 9 దగ్గర ఆగిపోకూడదు. అది వచ్చాక లెక్క కలపడం మొదలుపెట్టండి. వరుసగా పది కట్టలు తప్పు లేకుండా వచ్చాకే సమయం చూసుకోండి. పదోది తప్పితే మళ్లీ ఒకటి నుంచే.

కట్ట ఎన్ని సెకన్లలో పూర్తి చేస్తే వచ్చినట్టు?

ఈ విద్యలో అందరూ చెప్పుకునే గీత 30 సెకన్లు. 52 ముక్కలకు 30 సెకన్లంటే సెకనుకు రెండు ముక్కలకు కాస్త తక్కువ. 25కి తెచ్చుకుంటే ఇంకా హాయి. అంతకన్నా తగ్గించడానికి నెలలు వెచ్చించనక్కర్లేదు. నిండా మనుషులున్న టేబుల్ మీద గంటకు సుమారు 60 ఆటలే నడుస్తాయి. ఒక్కరే ఆడితే 200 దాకా పోవచ్చు. అక్కడ కావాల్సింది గంటల తరబడి నిలిచే నిదానం. కాకపోతే 25 సెకన్లు వచ్చినవాళ్లకు మామూలు వేగం తీరుబడిగా అనిపిస్తుంది. ఆ తీరుబడిలో మనిషితో మాట్లాడవచ్చు, పందెం గురించి ఆలోచించవచ్చు. వేగం వల్ల లాభం అదీ.

ఒక్కో ముక్కే లెక్కపెడుతూ 45 సెకన్ల దగ్గర ఆగిపోయాను. ఇంకా తగ్గడం లేదు.

తగ్గదు. విడి ముక్కలు చదివేవాళ్లందరూ దాదాపు అక్కడే ఆగుతారు. చదవడం నేర్చుకునే పిల్లలు మొదట అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు, కొన్నాళ్లకు మాట మొత్తం ఒకేసారి కంటికి ఆనుతుంది. ఇక్కడా జంటను మాటలా చూడాలి. రాజు, 5 పక్కపక్కన ఉంటే అది సున్నా. దాన్ని 'తీసేయి, కలుపు' అని రెండు పనులుగా చేయకండి. 3, 4 కలిస్తే రెండు కలపడం. ఆసు, పది అయితే రెండు తీసేయడం. 8, జాకీ అయితే ఒకటి తీసేయడం.

సాధన ఇలా: రెండేసి ముక్కలు తిప్పుతూ వెళ్లండి, జంట విలువ మాత్రమే పైకి అనండి. కొన్నాళ్లకు ఒకదాన్నొకటి కొట్టేసుకునే జంటలు కనిపించినా మనసు కదలదు. లెక్కలో సగం పని అక్కడే తగ్గిపోతుంది. తరవాత మూడేసి ముక్కలు. టేబుల్ మీద ప్రతి మనిషి ముందూ రెండు ముక్కలు పడతాయి కాబట్టి ఈ అలవాటు నేరుగా పనికొస్తుంది. ముక్క పడుతున్నప్పుడల్లా వెంటపడకుండా, అందరికీ రెండోది పడ్డాక ఒక చూపులో జంటలుగా చదివేయవచ్చు.

ఒక ఆట చూద్దాం. మొదటి మనిషికి రాజు, 6: సున్నా. రెండో మనిషికి 10, ఆసు: మైనస్ రెండు. మూడో మనిషికి 4, 3: తిరిగి సున్నా. డీలర్ చూపించింది 9, కదలదు. మొదటి మనిషి ఇంకోటి అడిగితే 5 పడింది, ప్లస్ ఒకటి. మూడో మనిషికి 8 పడింది, మళ్లీ అడిగితే 2: ప్లస్ రెండు. డీలర్ మూసి ఉంచిన ముక్క తిప్పితే 2: ప్లస్ మూడు. తరవాత రాణి: ప్లస్ రెండు. ఆట ముగిసేసరికి మీ తలలో ఉండాల్సింది ఆ రెండే. ఎవరు గెలిచారన్నది మీకు గుర్తు లేకపోయినా ఫరవాలేదు.

లోపల తెలుగులో లెక్కపెట్టాలా, ఇంగ్లీషులోనా?

ఏది పొట్టిగా వస్తే అది. 'మైనస్ ఎనిమిది', 'మైనస్ తొమ్మిది' అని లోపల పూర్తిగా అనుకుంటే ఆ మాట పూర్తయ్యేలోపు రెండు ముక్కలు పడిపోతాయి. మా దగ్గర కొందరు మైనస్‌కు 'ఎం' అనుకుని 'ఎం ఎయిట్' అంటారు. ఇంకొందరు అంకెను కుడివైపు, ఎడమవైపు జరిగే బిందువులా ఊహించుకుంటారు. రెండూ పనిచేస్తాయి. ఒకటి ఎంచుకున్నాక మార్చకండి.

ప్రతిసారీ చివర సున్నా వస్తోంది. అంటే నాకు వచ్చేసినట్టేనా?

ఇక్కడే చాలామంది తమకు తెలియకుండానే మోసపోతారు. చివరికి సున్నా రావాలని మీకు ముందే తెలుసు. ఆఖరి ఐదారు ముక్కల్లో మనసు లెక్కను సున్నావైపు నెట్టేస్తుంది. మధ్యలో రెండు తప్పులు జరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా సున్నాయే వస్తుంది.

అందుకే కట్ట కలిపాక, చూడకుండా మూడు ముక్కలు తీసి బోర్లా పక్కన పెట్టండి. మిగిలిన 49 లెక్కపెట్టండి. ప్లస్ ఒకటి వస్తే పక్కనున్న మూడింటి విలువ మైనస్ ఒకటి కావాలి. తిప్పి చూసుకోండి. ఒకే ముక్క తీస్తే ఊహకు మూడే దారులు, గుడ్డిగా కూడా తగలొచ్చు. మూడు తీస్తే ఆ వీలు బాగా తగ్గుతుంది. ఇంట్లో ఇంకొకరు ఉంటే కట్టలోంచి తమకు తోచినన్ని తీసి దాచమనండి. అది ఇంకా మంచి పరీక్ష.

ట్రూ కౌంట్ దగ్గర తడబడుతున్నాను. భాగహారం అంత త్వరగా ఎలా చేస్తారు?

ముందు అది ఎందుకో చూద్దాం. క్యాసినోల్లో ఎక్కువగా ఆరు కట్టలు, అంటే 312 ముక్కలు కలిపి షూ అనే పెట్టెలోంచి పంచుతారు. ప్లస్ ఎనిమిది ఉన్నప్పుడు ఇంకా నాలుగు కట్టలు మిగిలుంటే కట్టకు రెండే ఎక్కువ. అదే ప్లస్ ఎనిమిది ఒక్క కట్ట మిగిలినప్పుడు వస్తే కట్టకు ఎనిమిది. రన్నింగ్ కౌంట్‌ను మిగిలిన కట్టలతో భాగించగా వచ్చేదే ట్రూ కౌంట్. అది ఒకటి పెరిగితే ఆటగాడివైపు సుమారు అర శాతం మొగ్గు వస్తుంది. మంచి నిబంధనలున్న టేబుల్ మీద బేసిక్ స్ట్రాటజీ ఆడేవాళ్ల మీద క్యాసినో మొగ్గు కూడా దాదాపు అర శాతమే. కాబట్టి ట్రూ కౌంట్ ఒకటి దగ్గర ఇద్దరూ సమానం, రెండు నుంచి మనవైపు.

నిజానికి తడబాటు భాగహారంలో ఉండదు. ఎన్ని కట్టలు మిగిలాయన్న అంచనాలో ఉంటుంది. వాడేసిన ముక్కలు పెట్టే ట్రే చూసి, అక్కడ రెండు కట్టల మందం ఉంటే ఆరులోంచి తీసేసి నాలుగు మిగిలాయనుకోవాలి. దీన్ని కంటికి అలవాటు చేయడానికి దగ్గరి దారి లేదు. బీసెంట్ రోడ్డులోనో, వన్‌టౌన్‌లోనో ఒకే కంపెనీవి ఆరు కట్టలు కొనండి, జోకర్లు తీసేయండి. ఒకటి, ఒకటిన్నర, రెండు, ఇలా అర కట్ట తేడాలతో దొంతర్లు పేర్చి టేబుల్ మీద వదిలేయండి. అటూ ఇటూ తిరుగుతున్నప్పుడల్లా చూడండి. తరవాత ఎవరినైనా గుప్పెడు ముక్కలు పెట్టమని, మీరు అంచనా చెప్పి, లెక్కపెట్టి సరిచూసుకోండి. ప్లాస్టిక్ ముక్కల మందం, కాగితం ముక్కల మందం ఒకటి కాదు. రెండు రకాలతోనూ చేయండి.

భాగహారానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. 1 నుంచి 6 వరకే భాగిస్తాం, దశాంశాలు వదిలేసి కిందికి దించుకుంటే చాలు. ఒక వైపు అంకెలు, మరో వైపు మిగిలిన కట్టలు రాసిన కార్డులు చేసుకుని, బస్సులో కూర్చుని చూసుకునేవాళ్లు మాలో ఉన్నారు. గుంటూరు నుంచి రోజూ విజయవాడకు ఉద్యోగానికి వచ్చే ఒక అమ్మాయి ఆ ప్రయాణంలోనే దీన్ని పూర్తిగా పట్టేసింది.

ఇంట్లో బాగా వస్తుంది. నలుగురి మధ్య కూర్చుంటే టెన్షన్‌తో అంకె పోతోంది.

నిశ్శబ్దంలో నేర్చుకున్నది నిశ్శబ్దంలోనే వస్తుంది. 30 సెకన్లు దాటాక గొడవలోకి రండి. టీవీలో వార్తలు పెట్టండి. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి 'రేపు ఊరెప్పుడు వెళ్తున్నావు, టికెట్ ఎంత' అని అడగమనండి, ముఖ్యంగా అంకెలతో జవాబు చెప్పాల్సినవి. జవాబు చెప్పే ముందు మీ లెక్కను ఒకసారి లోపల తిరిగి అనుకోండి, తరవాత నోరు విప్పండి. ఈ చిన్న విరామం అలవాటైతే సగం ఇబ్బంది పోతుంది. మాట మధ్యలో అంకె నిలవని వాళ్లు పాదాల స్థానంతో గుర్తుపెట్టుకుంటారు: కుడిపాదం ముందుకైతే ప్లస్, ఎడమపాదమైతే మైనస్.

అంకె పోతే? ఊహించి కొనసాగించకండి. ఆ షూ అయ్యేదాకా లెక్క లేనట్టే భావించి, కలిపాక సున్నా నుంచి మొదలుపెట్టండి. సాధనలో కూడా ఇదే నియమం పాటించండి.

లెక్క ఎక్కడ తప్పుతోందో తెలియడం లేదు.

తప్పులు ఎక్కువగా కొన్ని చోట్లే జరుగుతాయి. ఆసును చిన్న ముక్కనుకుని కలపడం అందులో ముఖ్యం. దాని విలువ ఆటలో ఒకటి కూడా కాబట్టి కొత్తవాళ్లకు చేయి అటే పోతుంది. అలా చేస్తే లెక్క ఒకటి కాదు, రెండు తప్పుతుంది. 7ను కలపడం ఇంకొకటి. సున్నా దాటేటప్పుడు ప్లస్ మైనస్‌లు తారుమారు కావడం చాలామందిలో చూశాను. ప్లస్ ఒకటి మీద ఉండగా రాజు, రాణి పడితే మైనస్ ఒకటి రావాలి, కంగారులో మళ్లీ ప్లస్ ఒకటే అనుకుంటారు. దీనికి మందు, పెద్ద ముక్కలు చిన్న ముక్కలు ఒకటి విడిచి ఒకటి పేర్చి సున్నా చుట్టూ మాత్రమే తిరిగేలా సాధన చేయడం.

టేబుల్ దగ్గర అయితే డీలర్ మూసి ఉంచిన ముక్కను వదిలేయడం, లేదా చూపిస్తున్న ముక్కను రెండుసార్లు లెక్కపెట్టడం. 21 దాటినవాళ్ల ముక్కల్ని డీలర్ చటుక్కున ఊడ్చేస్తారు, అవి కన్ను దాటిపోతాయి. ఒక నోట్‌బుక్‌లో తప్పు జరిగిన ప్రతిసారీ అది ఏ రకమో రాసుకోండి. రెండు వారాలకు మీ బలహీనత ఏదో అందులోనే కనిపిస్తుంది.

రోజుకు ఎంతసేపు?

15, 20 నిమిషాలు, రోజూ. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కన్నా అది మేలు.

ఆన్‌లైన్‌లో ఆడి సాధన చేయవచ్చా?

డబ్బు పెట్టి ఆడే సైట్లకు పోకండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించింది. మన రాష్ట్రం 2020లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆపింది. పైగా కంప్యూటర్ పంచే బ్లాక్‌జాక్‌లో ప్రతి ఆటకూ ముక్కలు కొత్తగా కలుస్తాయి, అక్కడ లెక్క అన్నదానికే అర్థం లేదు. నిరంతరం కలిపే యంత్రాలున్న టేబుళ్ల మీద కూడా అంతే. పందెం లేని సాధన యాప్‌లు వాడుకోవచ్చు. అయితే చేతిలో ముక్క తిప్పుతూ చేసిన సాధన వేరు, రెండూ కలిపి చేయండి.

దీంతో డబ్బు సంపాదించవచ్చా? నిజం చెప్పండి.

నిజమే చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న అడిగేవాళ్లలో అప్పు చేసి గోవా వెళ్దామనుకునే కుర్రాళ్లు కూడా ఉంటున్నారు.

మంచి నిబంధనలతో, తప్పు లేకుండా లెక్కపెట్టేవాళ్లకు దొరికే మొగ్గు సుమారు ఒక శాతం. 500 రూపాయల పందెం చొప్పున 100 ఆటలు ఆడితే సగటున రావాల్సింది 500. కానీ ఆ 100 ఆటల్లో అదృష్టం వల్ల వచ్చే ఊపు సుమారు 5,750 రూపాయలు, అటైనా ఇటైనా. ఆ ఊపును సగటు లాభం అందుకోవాలంటే 13,000 ఆటలకు పైగా ఆడాలి. గంటకు 65 ఆటల లెక్కన 200 గంటలు. అప్పటికి కూడా నష్టంలో ఉండే అవకాశం ఆరింట ఒక వంతు. బ్లాక్‌జాక్‌కు ఒకటిన్నర రెట్లకు బదులు ఐదుకు ఆరు చొప్పున ఇచ్చే టేబుల్ అయితే మొదట్లోనే ఇంకో 1.4 శాతం పోతుంది.

ఇక మన దేశపు పన్నులు చూడండి. క్యాసినోలో చిప్స్ కొన్న మొత్తం మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. పేకాట గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, సెస్సు అదనం. ఓడిన డబ్బును అందులోంచి తీసేసుకోనివ్వరు. ఒక శాతం మొగ్గుతో వీటిని దాటే దారి లేదు. గోవాకు అమరావతి ఎక్స్‌ప్రెస్ టికెట్ ఖర్చు ఆపైన. అమెరికాలో విద్యార్థులు జట్లుగా ఏర్పడి గెలిచిన కథలు నిజమే, కానీ వాళ్లు ఆడిన ఊరు, పన్నులు, పెట్టుబడి వేరు. అప్పు తెచ్చి ఆడదామని ఎవరైనా అంటే నేను ఈ అంకెలే కాగితం మీద వేసి చూపిస్తాను. ఆట వదల్లేక బాధపడుతున్నవాళ్లకు మాత్రం లెక్క నేర్పను, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లమంటాను.

మరి ఇంత కష్టపడి ఎందుకు?

ఒక అంకెను పట్టుకుని, చుట్టూ గోల జరుగుతున్నా వదలకుండా ఉండగలగడం నాకు అపురూపంగా అనిపిస్తుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో డిగ్రీ పిల్లలున్నారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులున్నారు. సంభావ్యతను పాఠంలో కాకుండా చేతుల్లో చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల నాకు కనిపించలేదు.

లెక్కపెట్టడం నేరమా?

తలలో లెక్కపెట్టుకోవడం నేరం కాదు. క్యాసినోవాళ్లు మాత్రం ఇక ఆడవద్దనవచ్చు. అమెరికాలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో కెన్ యూస్టన్ అనే ఆటగాడి కేసులో అట్లాంటిక్ సిటీ క్యాసినోలు లెక్కపెట్టేవాళ్లను బయటికి పంపకూడదని తీర్పిచ్చింది, లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఆ రక్షణ లేదు. లెక్క కోసం ఫోన్‌లాంటి పరికరం వాడటం మాత్రం నెవాడాలో నేరం. మన దగ్గర సంగతి వేరు: 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం పందెం పెట్టి ఇలాంటి ఆట ఆడటమే నేరం, లెక్కపెట్టినా పెట్టకపోయినా. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1960ల చివర్లో చెప్పిన మాటను బ్లాక్‌జాక్‌కు అన్వయించుకోకండి. సంక్రాంతికి తోటల్లో వెలిసే శిబిరాలకైతే అసలు వెళ్లకండి.

అరవై దాటాయి. ఇప్పుడు వస్తుందా?

వస్తుంది. వేగం రావడానికి కుర్రవాళ్లకన్నా కాస్త ఎక్కువ సమయం పట్టొచ్చు. ముక్కలు పెద్ద అంకెలున్నవి కొనండి, వెలుతురు బాగా ఉన్నచోట కూర్చోండి.

పరీక్షలనో, పెళ్లి పనులనో రెండు నెలలు మానేశాను. మళ్లీ మొదటి నుంచా?

అక్కర్లేదు. ముక్క విలువలు అంత తేలిగ్గా పోవు. ముందుగా మొద్దుబారేది కట్టల అంచనా, ఆ తరవాత జంటల చూపు. కాబట్టి మొదటి రెండు రోజులు దొంతర్లు పేర్చి అంచనాలే వేయండి. మూడో రోజు గడియారం లేకుండా జంటలు తిప్పండి. ముక్కలు దాచే పరీక్ష వరుసగా ఐదుసార్లు సరిపోయాక స్టాప్‌వాచ్ బయటికి తీయండి.